లాడ్ బజార్ గాజులు, మెతుకుసీమ కొండలు

మా అన్న కూతురి పెళ్ళి 2024 డిసెంబరు 28, శనివారము నాడు మెదక్ దగ్గరలోని ఒక పల్లె మందిరములో జరుగుటకు నిశ్చయమైనది. బట్టలు, వంటవాళ్ళు, పందిరి అన్నీ ఊళ్ళోనే కుదిరాయి. హైదరాబాదులో ఉంటున్న మా ఇద్దరికీ మిగిలిన పని ఒక్కటే. మా వదిన ఊరినుండి వచ్చేవారి చేత ఒక పాత మట్టిగాజు చేతిరుమాలులో చుట్టి పంపింది. "పిల్ల చేతి కొలత ఇది. లక్క గాజులు చార్మినార్ కాడివే తేండ్రి" అని కబురు.

అందుచేత క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, సోమవారము సాయంత్రము మేము లాడ్ బజార్‌కు వెళ్ళాము. ఇన్నేళ్ళుగా ఈ నగరములో ఉన్నా ఆ వీధికి మేము వెళ్ళినది నాలుగైదు సార్లకు మించదు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించి, దాని నాలుగు ప్రక్కలా నాలుగు దారులు వేయించాడు. వాటిలో పడమటి వైపు పోయేది లాడ్ బజార్. కొందరు ఆ పేరు లక్క నుండి వచ్చిందంటారు, కొందరు ముద్దు, గారాబము అనే అర్థము గల 'లాడ్' మాట నుండి వచ్చిందంటారు. ఆ వీధిలో ఆడపిల్లల తండ్రులు గీచి గీచి బేరమాడి, చివరకు అడిగిన డబ్బే ఇచ్చి పోవడము చూస్తే రెండవదే నిజమనిపిస్తుంది.

సాయంకాలము దీపాలు వెలిగాక ఆ వీధిని చూడాలి. రెండు ప్రక్కలా గాజులు, నేలనుండి కప్పుదాకా గాజులు. ఒక్కొక్క గాజు మీద పొదిగిన అద్దపు రాళ్ళు వెలుతురుకు మెరుస్తూ ఉంటే కళ్ళు నిలవవు. దారి ఇరుకు. స్కూటర్లు, నల్ల బురఖాల ఆడవాళ్ళు, అత్తరు అమ్మేవాళ్ళు, పెళ్ళి దుపట్టాలు బేరము చేసేవాళ్ళు, మధ్యలో మనము. ఒక్కచోట నిలబడదామంటే వెనుకనుండి ఎవరో ఒకరు నెట్టుతూనే ఉంటారు.

లక్క అంటే చెట్టు జిగురు అని మేము ఇన్నాళ్ళూ అనుకున్నాము. కాదు. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలను అంటిపెట్టుకొని బ్రతికే మిక్కిలి చిన్న పురుగులు తమ చుట్టూ కట్టుకునే గూడు అది. ఆ కొమ్మలు నరికి, లక్క గీకి, కరిగించి శుభ్రము చేస్తారు. మన దేశములో ఎక్కువ భాగము జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవులలోని గిరిజనులు సేకరించేదే. కొండల మీద ఎవరో ఒక పేదరాలు కొమ్మ గీకితే, ఆ గీకినది ఇంత దూరము వచ్చి పెళ్ళికూతురి చేతికి చేరుతుందన్న మాట.

ఒక సందు మొదట్లో పని చేస్తున్న మనిషి దగ్గర కాసేపు నిలబడ్డాము. ముందు బొగ్గుల కుంపటి. వేడికి మెత్తబడిన లక్క ముద్దను ఆయన పలక మీద దొర్లించి సన్నని కడ్డీగా సాగదీశాడు. పైన రంగు లక్క పూత పూశాడు. కొలతకు కోసి, రెండు కొసలూ అతికించి, గుండ్రని కొయ్యకు ఎక్కించి సరిచేశాడు. అది మళ్ళీ కొంచెము వేడి చేసి, మెత్తగా ఉండగానే ఒక్కొక్క రాయినీ సూది మొన వంటి పనిముట్టుతో తీసి అద్దాడు. మాట్లాడుతూనే ఉన్నాడు, చెయ్యి మాత్రము ఆగలేదు. ఆయన వ్రేళ్ళ చివర్లు కాలి కాలి గట్టిపడి నున్నగా ఉన్నాయి. ఆ సందుల్లో ఎంతో మంది ఆడవాళ్ళు ఇళ్ళల్లోనే కూర్చొని రాళ్ళు అంటిస్తారు, లెక్కకు ఇంత అని కూలి. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు దొరికింది. ఇక వేరే చోట చేసినవాటిని ఆ పేరుతో అమ్మరాదు. మంచి మాటే. అయితే 2015 జనవరిలో ఇదే పాతబస్తీలో గాజుల పనికి బీహారు నుండి తెచ్చిన రెండు వందల మందికి పైగా పిల్లలను పోలీసులు విడిపించిన సంగతి కూడా మేము మరచిపోలేదు. అందుకే దుకాణములో కూర్చోగానే "ఇవి ఎవరు చేశారు బాబూ?" అని అడిగాము. "మా ఇంటివాళ్ళే అమ్మా, నా తమ్ముడు, మరదలు. పిల్లల చేత చేయించం" అన్నాడు, ఆ ప్రశ్న అంతకు ముందు ఎవరో అడిగినట్టే.

దుకాణాలలో గాజు కొలతలను టూ-ఫోర్, టూ-సిక్స్ అని చెపుతారు. మేము తీసుకువెళ్ళిన మట్టిగాజును చూడగానే "టూ-ఫోర్" అన్నాడు. ఎరుపు, ఆకుపచ్చ, బంగారు రంగు కలిపిన జత ఎంపిక చేశాము. ఆయన కాగితపు డబ్బాలో దూది పరచి గాజులు సర్దుతూ, అలవాటుగా అడిగాడు: "పిల్ల తల్లికి ఏ సైజు అమ్మా?"

మేము ఒకరి ముఖము ఒకరము చూచుకున్నాము. మాలో ఇల్లాలు "ఆమెకు అక్కరలేదులే" అన్నది. ఆయన మరి అడగలేదు.

మా అన్న 2011లో ప్రభువునందు నిద్రించాడు. భూస్థాపన కార్యక్రమము ముగించి అయ్యగారు వెళ్ళిపోయిన తరువాత, మా ఇంటి పెద్ద ఆడవాళ్ళు వదినను పెరటిలోని బోరింగు దగ్గర కూర్చోబెట్టి చేతిగాజులు పగులగొట్టారు. మన సంఘ క్రమములో ఇలాంటి ఆచారము ఎక్కడా లేదు. అయ్యగారు చెప్పలేదు, ఎవరూ ఆయనను అడగనూ లేదు. మేమిద్దరము అక్కడే, పది అడుగుల దూరములో ఉన్నాము. ఒక్క మాట అనలేదు. ఆ రోజునుండి ఆమె చేతులు బోడిగానే ఉన్నాయి.

డబ్బా చేత పట్టుకొని మహబూబ్ చౌక్ దాకా నడిచాము. అక్కడ 1892లో కట్టిన గడియారపు స్తంభము ఉన్నది. దాని క్రింద నిలబడి ఆటో కొరకు చూస్తున్నాము, రెండు ఆటోలు వచ్చి పోయాయి. మేము ఎక్కలేదు. చివరకు ఏమీ మాట్లాడుకోకుండానే ఇద్దరమూ వెనుకకు తిరిగాము. అదే దుకాణములో రాళ్ళు లేని జత, పండిన చింతపండు రంగుది, తీసుకున్నాము. కొలత తెలియదు. టూ-సిక్స్ అని ఊహించాము.

క్రిస్మస్ మరునాడు జూబ్లీ బస్‌స్టేషనులో మెదక్ బస్సు ఎక్కాము. 2023 డిసెంబరు నుండి ఆడవాళ్ళకు టికెట్టు లేదు కదా, బస్సు నిండా ఆడవాళ్ళే. 2022లో మెదక్‌కు రైలు కూడా వచ్చినది, కాచిగూడ నుండి పోతుంది. కాని నర్సాపూర్ దారి చూడాలంటే బస్సే మంచిది. నగరపు మేడలు, గోదాములు, ఫ్యాక్టరీలు దాటిన తరువాత నర్సాపూర్ అడవి వస్తుంది. దట్టమైన అడవి కాదు. అయినా ఒక్కసారిగా గాలి చల్లబడుతుంది, బస్సులో గోల కూడా తగ్గుతుంది. దారి ప్రక్కన అక్కడక్కడ మోదుగ చెట్లు. అవి పూచేది మాఘ ఫాల్గుణ మాసాలలో. డిసెంబరులో వట్టి ఆకులే. చిన్నప్పుడు ఆ ఆకులతో కుట్టిన విస్తళ్ళలో తిన్నవాళ్ళము. ఆ కొమ్మల మీదే లక్క కూడా పుడుతుందని మొన్ననే తెలిసింది. గాజుల డబ్బా ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాము.

నర్సాపూర్ దాటి కౌడిపల్లి మీదుగా పోతుంటే చెరువులు, వరి మళ్ళు, మధ్యలో ఏనుగులు పండుకొన్నట్టు గుండ్రని రాతి గుట్టలు. అలా పోతూ ఉండగా, ఊరు ఇంకా కనపడకముందే, చెట్లపైన దేవాలయపు శిఖరము కనబడుతుంది. మా ప్రక్కన కూర్చున్న ముసలమ్మ అది చూచి చేతులు జోడించింది. ఆమె నుదుట బొట్టు ఉన్నది. మెదక్‌లో అది వింత కాదు.

మెదక్ ప్రాంతానికి మెతుకుసీమ అని పేరు. పాస్నెట్ దొర కరువులో అందరికీ అన్నము పెట్టినందువలన ఊరికి మెతుకు అనే పేరు వచ్చిందని మన సంఘాలలో కొందరు చెప్పడము విన్నాము. ఇది సరి కాదు. దొర రాకముందే ఊరున్నది, పేరున్నది, పండే వరి ఉన్నది. ఆయన గొప్పతనానికి అబద్ధము ఆసరా అక్కరలేదు.

చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు వెస్లియన్ మెథడిస్టు మిషనెరి. 1895లో సికింద్రాబాదు వచ్చి, తిరుమలగిరిలో ఇంగ్లీషు సిపాయిల మధ్య కొంతకాలము పరిచర్య చేసి, ఆ తరువాత మెదక్ పల్లెలకు వచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధపు రోజులలో కరువు, రోగాలు ఈ సీమను కాల్చివేశాయి. జనానికి ఊరక పెట్టుట కంటే పని ఇచ్చి పెట్టుట మేలని తలచి ఆయన ఈ దేవాలయపు పనిని వారి చేతులలో పెట్టాడు. 1914లో మొదలైన కట్టడము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. మేము చేరినది నూరేళ్ళు నిండిన మరునాడు. ఆవరణమంతా పందిళ్ళు, చిత్తుకాగితాలు, ఇంకా పోని జనము, చెరకు రసము బండ్లు.

లోపలికి వెళ్ళగానే మాత్రము గొంతులు వాటంతట అవే తగ్గిపోతాయి. ఐదువేల మంది పట్టే స్థలము. క్రింద ఇటలీ మేస్త్రీలు పరచిన రంగు పలకల నేల. శిఖరము 175 అడుగులు. రాజధానిలోని చార్మినార్ కంటే ఇది ఎత్తు కారాదని నిజాము ప్రభువు పట్టుబట్టాడని మెదక్‌లో ప్రతివారూ చెపుతారు. అది ఎంతవరకు నిజమో కాని, మొన్ననే చార్మినార్ నీడలో నిలబడి వచ్చిన మాకు ఆ కథ ముచ్చటగా తోచింది. బలిపీఠము వెనుక ఆరోహణపు కిటికీ, ఇరు ప్రక్కలా ప్రభువు జననము, సిలువ. మూడింటికీ చిత్రము గీసినవాడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. వీటిని పగలే చూడాలి. రంగుల అద్దాలలోనుండి వెలుగు లోపలికి వస్తేనే బొమ్మ. సూర్యుడు పోతే వట్టి నల్లని గాజు. లాడ్ బజార్‌లో దీపాలు వెలిగాక చూడమన్నాము కదా, ఇక్కడ దీపాలు వెలిగించకముందే చూడాలి.

చుట్టాలు ఫోటోలు తీసుకుంటుంటే మేము ఒక స్తంభము దగ్గర నిలిచిపోయాము. మా ముత్తవ్వ ఇక్కడ సున్నము మోసింది. ఏ స్తంభమో తెలియదు. కరువులో ముత్తాత పోయాక ఇద్దరు పిల్లలను చంకన వేసుకొని పని అడుగుటకు మెదక్ వచ్చింది. రోజంతా గంపలు మోస్తే సాయంత్రము గింజలు కొలిచి ఇచ్చేవారట. ఆ పిల్లలలో ఒకడు మా తాత. ఆమె సంగతి మా నానమ్మ ఎప్పుడు చెప్పినా ఒక మాట తప్పక చెప్పేది: "బోడి చేతులతోని మోసింది బిడ్డా." శిల్పి పేరు, దొర పేరు, బొమ్మలు గీసినవాని పేరు పుస్తకాలలో ఉన్నవి. గంప మోసినవారి పేర్లు ఎవరు వ్రాస్తారు? మా ముత్తవ్వ పేరు మా ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు. "మెదక్ అవ్వ" అనే పిలిచేవారు.

భోజనము చేసి కోట ఎక్కాము. ఇంత ఎండలో ఎందుకని మా బావమరిది గొణిగాడు కాని, మెదక్ సంగతి తెలియాలంటే ఆ గుట్ట ఎక్కవలసిందే. కాకతీయుల కాలపు కోట. ప్రథమ ద్వారము, సింహ ద్వారము, గజ ద్వారము అని మూడు వాకిళ్ళు. పైన కుతుబ్ షాహీల కాలపు మసీదు, పది అడుగులకు మించిన పొడవు గల ఒక ఫిరంగి. మెట్లు కొన్ని చోట్ల విరిగి ఉన్నవి. గాజుల డబ్బాను ఒకరి తరువాత ఒకరము మార్చుకుంటూ ఎక్కాము, క్రింద ఎవరికైనా అప్పగించి రావచ్చునని అప్పుడు తోచలేదు.

పైనుండి చూస్తే ఊరు ఎంత చిన్నదో తెలుస్తుంది. ఒక ప్రక్క ఇళ్ళ కప్పులు, దూరాన తెల్లని శిఖరము, దాని చుట్టూ చెట్లు. అంతే ఊరు. మిగిలినదంతా పల్లెలు, చెరువులు, గుట్టలు. గుట్ట మొదట ఒక చెరువు, చెరువు క్రింద మళ్ళు, మళ్ళ అంచున పది పాతిక ఇళ్ళు, ఆ ఇళ్ళ మధ్య ఒక సున్నము వేసిన చిన్న మందిరము. మళ్ళీ గుట్ట. కన్ను పోయినంత దూరము ఇదే వరుస. మందిరాలు పై నుండి లెక్కపెట్టబోయాము. అన్ని కప్పులూ ఒకేలా ఉన్నందున కుదరలేదు.

పడమట మంజీర. ఏడుపాయల దగ్గర ఆ నది ఏడు పాయలుగా చీలుతుంది, శివరాత్రి జాతరకు లక్షల జనము వస్తారు. దానికి దగ్గరలోనే 1905లో కట్టిన ఘనపురం ఆనకట్ట ఉన్నది. దానినుండి పోయే రెండు కాలువలలో ఒకదాని పేరు మహబూబ్ నహర్, రెండవది ఫతే నహర్. ఆరవ నిజాము మహబూబ్ అలీ పాషా పేరే లాడ్ బజార్ కొసనున్న చౌక్‌కూ ఉన్నది, ఈ కాలువకూ ఉన్నది. చౌక్‌లో ఆటోల గోల, కాలువలో మెతుకు. రెండింటిలో ఏది ఆయనకు మంచి జ్ఞాపకమో మెదక్ రైతునడిగితే క్షణములో చెపుతాడు. 1922లో పూర్తయిన పోచారము చెరువు కూడా చూద్దామనుకున్నాము. ప్రొద్దు వాలిపోతున్నది, పెళ్ళివారు ఫోను మీద ఫోను చేస్తున్నారు.

ఊరు చేరేసరికి చీకటి పడింది. ప్రతి ఇంటి ముందు వెదురు బద్దలతో కట్టిన క్రిస్మస్ నక్షత్రము. మా వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి, డబ్బా విప్పి, పిల్ల గాజులు దీపము దగ్గర త్రిప్పి త్రిప్పి చూచింది. "మస్తున్నయి చెల్లె" అన్నది. రెండవ జత సంగతి ఆ రాత్రి మేము చెప్పలేదు. ధైర్యము చాలలేదు.

మరునాడు సాయంత్రము గాజులు తొడిగే వేళ. వాకిట్లో చాప పరచి పిల్లను కూర్చోబెట్టారు. సంఘములోని ఆడవాళ్ళు పాటలు పాడుతున్నారు. వదిన వంటింటి గుమ్మము లోపల, సగము తలుపు చాటున నిలబడింది. మా పెద్దమ్మ ఒకామె "మొదటి గాజు ముత్తైదువ తొడగాలె, ఎవరన్న రాండ్రి" అన్నది. పిల్ల రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని కదలలేదు.

"మా అమ్మ తొడగాలె" అన్నది.

పాట ఆగిపోయింది. "శుభమా అని పెండ్లి చేసుకుంట ఇదేం మాట?" అని పెద్దమ్మ. "పెద్దమ్మా, మనం మొన్ననే గదా మందిరంల నయోమి సంగతి విన్నది" అని అమ్మగారు, అంటే మా పాస్టరమ్మ, మెల్లగా అన్నది. పెద్దమ్మ సమాధానము చెప్పక లేచి బయటికి నడిచింది. ఆ రాత్రి ఆమె మా ఇంట్లో భోజనము చేయలేదు.

వదిన వచ్చి పిల్ల ముందు కూర్చున్నది. వణికే చేతులతో ఎర్ర గాజు తొడిగింది, ఆకుపచ్చది తొడిగింది. అప్పుడు మాలో ఇల్లాలు చింతపండు రంగు జత తీసి చాప మీద పెట్టింది. "ఇప్పుడెందుకే ఇవి, నలుగురు ఏమంటరు?" అన్నది వదిన. "పదమూడేండ్ల కింద మేం ఏమనలేదు గదా అక్కా, అదే తప్పయింది" అని ఇల్లాలు. ఇంకా ఏదో చెప్పాలనుకున్నది, నోరు రాలేదు.

పిల్లే తల్లి చెయ్యి పట్టుకొని కొబ్బరినూనె రాసింది. ఎడమ చేతికి ప్లాస్టికు సంచి తొడిగి లాగితే గాజు ఎక్కింది. కుడిచేయి మాత్రము వేళ్ళ కణుపుల దగ్గరే ఆగిపోయింది. పదమూడేళ్ళుగా నాట్లు వేసిన, కలుపు తీసిన, మోపులు ఎత్తిన చేయి. మా ఊహ తప్పు. ఎంత లాగినా పోలేదు. లక్క పగులుతుందని భయపడి ఆపేశాము. ఆడవాళ్ళు నవ్వడము మొదలుపెట్టారు, వదిన కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "మొద్దు చెయ్యి, దీనికెట్ల పడతది" అన్నది.

శనివారము పెళ్ళి ప్రార్థనలకు వదిన ఒంటి గాజుతోనే వచ్చి ముందు బల్ల మీద కూర్చున్నది. పెద్దమ్మ కూడా వచ్చింది. రెండు బల్లల వెనుక కూర్చున్నది గాని, వచ్చింది.

మిగిలిన గాజును మేము వెంట తెచ్చుకున్నాము. జనవరిలో ఒక సాయంత్రము మళ్ళీ లాడ్ బజార్ వెళ్ళాము. దుకాణదారు మమ్మల్ని గుర్తుపట్టి, గాజును సందు మొదటి మనిషి దగ్గరకు పంపాడు. ఆయన దానిని కుంపటి మీద అటు ఇటు త్రిప్పి, మెత్తబడగానే పెద్ద కొయ్యకు ఎక్కించి, తడిగుడ్డతో తుడిచాడు. ఐదు నిమిషాల పని. డబ్బు ఎంత అంటే ఏమీ వద్దన్నాడు. "టూ-టెన్ చేసిన, ఇంకా పట్టకపోతే తీసుకురండి" అన్నాడు. గాజు ఇంకా వెచ్చగా ఉన్నది. ఆ ఆదివారము ఊరికి పోయే మా బంధువు చేత, అదే చేతిరుమాలులో చుట్టి పంపాము.